తెరబొమ్మల ఉపన్యాసమునకు చేతి మీట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమనగానే బీరువాలు, పుస్తకములు, పత్రికల బల్ల మనస్సునకు తోచుట సహజము. కాని చదువు రానివారును, చదువు వచ్చియు చూపు తగ్గినవారును, పగలెల్ల చెలకలోనో మగ్గము ముందరనో గడపి ప్రొద్దుగ్రుంకిన పిదప అలసి వచ్చువారును గ్రామమున ఎందరో కలరు. వారికి పుస్తకములోని విషయము చేరు త్రోవలు రెండే. ఒకరు చెప్పగా వినుట, బొమ్మ చూపగా చూచుట. ఈ కారణమున బొమ్మలతో కూడిన ఉపన్యాసము గ్రంథాలయము చేయదగిన ముఖ్యమైన పనులలో నొకటి. నేడు అట్టి ఉపన్యాసమునకు లాప్‌టాప్, ప్రొజెక్టరు, తెర అను మూడు వస్తువులు వాడుకలోనికి వచ్చినవి. నాలుగవది అన్నిటికంటె చిన్నది. అది వక్త చేతిలో నుండు తీగలేని రిమోటు. దూరమున నిలిచియే తెరమీది బొమ్మను మార్చు ఈ చేతి మీటను గ్రంథాలయము ఎట్లు ఎన్నుకొనవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

పిడికిట నిముడు వస్తువునకు ఒక ప్రసంగమా యని కొందరికి తోచవచ్చును. వస్తువు చిన్నదే కాని, దానితో ముడిపడిన ప్రశ్న చిన్నది కాదు. ఉపన్యాసము నడుచునప్పుడు బొమ్మను మార్చు అధికారము ఎవరి చేతిలో నుండవలెను అన్నదే ఆ ప్రశ్న.

మోత్కూరు సీమకు బొమ్మల కథ క్రొత్త కాదు. పూర్వము నల్లగొండ జిల్లాలో నుండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ ప్రాంతమునకు ఉత్తరపు దిక్కున చేర్యాల యున్నది. అచ్చటి నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పట్టించి, ఎఱ్ఱని నేలమీద పురాణ కథలను వరుస వరుసలుగా చిత్రింతురు. ఆ పటములను తీసికొని కథకులు ఊరూర తిరుగుదురు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు చెప్పుదురు. గౌడులకు వారి కుల పురాణమును గౌడజెట్టివారు చెప్పుదురు. పటము ఎన్నో గజముల పొడవుండును. కథకుడు దానినంతయు ఒకేమారు విప్పి వ్రేలాడదీయడు. కథ ఎంతవరకు నడచెనో అంతవరకే పటము విప్పబడును. చేతికఱ్ఱతో బొమ్మను చూపుచు, జనుల ముఖములను చూచుచు, అతడు కథను ముందునకు నడుపును.

ఇందు మూడు నీతులు కలవు. మాట వచ్చిన వేళకే బొమ్మ వచ్చుట మొదటిది. చెప్పువాని ముఖము వినువారివైపు ఉండుట రెండవది. అతడు బొమ్మను చేతితో చూపగలుగుట మూడవది. రిమోటు కొనునపుడు ఈ మూడును జ్ఞాపకముంచుకొన్నవాడు అంగడిలో మోసపోడు.

పటము తరువాత దీపము వచ్చినది. గాజుపలకమీది బొమ్మను దీపపు వెలుగుతో గోడమీద పెద్దదిగా చూపు మాజిక్ లాంతరును 1659 ప్రాంతమున హాలెండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ నిర్మించెను. 1892 లో మహారాష్ట్రమున కల్యాణము వాసియైన మహాదేవ గోపాల పట్వర్ధన్ అట్టి లాంతరుతోనే 'శాంబరిక్ ఖరోలికా' యను ప్రదర్శనములు ఆరంభించెను. బరోడా సంస్థానమున శాయాజీరావు గాయక్వాడు మహారాజు నెలకొల్పిన గ్రంథాలయ శాఖ, పుస్తకములతోపాటు లాంతరు బొమ్మలను కూడ గ్రామములకు పంపెను. చదువు రానివారిని కూడ గ్రంథాలయము తనవారిగా నెంచవలెనను భావమే దానికి మూలము. తెలుగువారిలోను 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1914 లో బెజవాడన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన పిదప, గ్రంథాలయము పుస్తకముల కొట్టు కాదు, ప్రజల విద్యాపీఠమను తలపు బలపడినది.

అయితే మాజిక్ లాంతరు ఒక చిక్కును తెచ్చినది. లాంతరు సభకు వెనుకనో నడుమనో ఉండును. వక్త ముందర నుండును. పలక మార్చువాడు ఒకడు, మాట చెప్పువాడు మరియొకడు. అందుచేత వక్త నేలమీద కఱ్ఱతో తట్టియో, చిన్న గంట మ్రోగించియో లాంతరు మనిషికి సంజ్ఞ చేయవలసి వచ్చెను. పటము కథకుని యొక్క చేతిలో నున్న పగ్గము రెండు చేతులలోనికి పోయినది.

ఆ పగ్గమును తిరిగి వక్త చేతికిచ్చుటకు యంత్రకారులు చాలకాలము శ్రమించిరి. 1960ల ఆరంభమున కొడాక్ సంస్థ 80 స్లైడులు పట్టు గుండ్రని పళ్లెముతో కారౌసెల్ అను ప్రొజెక్టరును వెలువరించినది. దానికి పొడవైన తీగతో మీట ఉండెను. వక్త ఆ తీగ పొడవు మేరకే కదలగలిగెడివాడు. తీగలేని మీట మొదట టెలివిజను కొరకు పుట్టినది. 1955 లో జెనిత్ సంస్థలో యూజీన్ పాలీ కాంతితో పనిచేయు మీటను, 1956 లో రాబర్ట్ అడ్లర్ చెవికి వినబడని ధ్వనితో పనిచేయు మీటను రూపొందించిరి. తరువాత కంటికి కానరాని పరారుణ కాంతియు, రేడియో తరంగములును వాడుకలోనికి వచ్చినవి. 1987 లో పవర్‌పాయింట్ వెలువడిన పిదప గాజుపలకలు పోయి, బొమ్మలు కంప్యూటరులోనికి చేరినవి. నేటి తీగలేని రిమోటు ఈ వంశములోనిదే.

ఇది లేనిచో జరుగు నష్టమేమి? నల్లగొండ సీమ ప్రజలకు తెలిసిన విషయమునే ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఒక వైద్యుడు గ్రంథాలయమున నీటిలోని ఫ్లోరైడును గూర్చి ప్రసంగించుచున్నాడనుకొనుడు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే ఓర్వవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లు గారపట్టును, పెద్దల ఎముకలు బిగుసుకొనును, కాళ్లు వంకరపోవును. పటికయు సున్నమును కలిపి, చక్కగా త్రిప్పి, తేర్చి, వడియగట్టు పద్ధతిని నాగపూరులోని 'నీరి' పరిశోధనశాలవారు రూపొందించిరి. దానికి లోకమంతట 'నల్లగొండ పద్ధతి' యనియే పేరు. ఈ విషయమును మాటలతో చెప్పుటకంటె బొమ్మలతో చెప్పుట మేలు.

ఇపుడు ఆ వైద్యుని చేతిలో రిమోటు లేదు. లాప్‌టాప్ మీట నొక్కుటకు అతడు మాటిమాటికి బల్లవద్దకు పోయి వంగవలెను. వంగినపుడెల్ల సభకు వీపు చూపును, మాట తెగును. లేదా ఒక బాలుని లాప్‌టాప్ వద్ద కూర్చుండబెట్టి, "తరువాతిది బాబూ, తరువాతిది" అని పలుకుచుండవలెను. బాలుడు తొందరపడి రెండుమార్లు నొక్కును. వైద్యుడు నీరు త్రిప్పుటను గూర్చి చెప్పుచుండగా తెరమీద వడియగట్టు బొమ్మ వచ్చును. ఇంటికి పోయి ఆ పని చేయవలసిన తల్లికి నడిమి మెట్టు తెలియకయే పోవును. అంతలో వెనుక వరుసనుండి ఒక వృద్ధుడు, "సారూ, ఆ కాళ్ల బొమ్మ ఇంకోసారి సూపియ్యుండ్రి" అని అడుగును. బొమ్మను వెనుకకు తెచ్చుటకు బాలుడు తడబడగా, ఆ బొమ్మ దొరకకమునుపే సభ మరియొక మాటలో పడును. వృద్ధుడు మరల అడుగుటకు సంకోచించి ఊరకుండును. ఆ ఊరకుండుటయే నష్టము. గ్రంథాలయము ఎవరి కొరకు ఆ సభను కూర్చెనో వారే వట్టిచేతులతో లేచిపోవుదురు.

కావున చేతి మీట ఆడంబరము కాదు. ఐనను దానిని కొనుటకు ముందు, నిజముగ కొనవలసిన అవసరమున్నదో లేదో తెలిసికొనుట మంచిది. తీగలేని మౌసు ఇంతకుముందే యున్నచో, దానిని చేతబట్టి ఒక ఉపన్యాసము నడిపి చూడవచ్చును. ఎడమ మీట నొక్కినచో బొమ్మ ముందునకు పోవును. నడిమి చక్రమును త్రిప్పి వెనుకకు తేవచ్చును. అయితే మౌసు చేతిలో సరిగా ఇమడదు, అనుకోకుండ నొక్కుడు పడును. సెల్‌ఫోనును కూడ రిమోటుగా వాడవచ్చును. లిబ్రే ఆఫీసులోని ఇంప్రెస్ వాడువారికి ఇట్టి ఉచిత ఏర్పాటు కలదు. కాని ఉపన్యాసము నడుమ ఫోను మ్రోగును. తెర నునుపుగా నుండుటచే చూడనిదే మీట తెలియదు, చూచినచో కన్ను సభనుండి మరలును. నెలకొకటి రెండు ఉపన్యాసములు జరుగు గ్రంథాలయమునకు, పలువురు వక్తలు మారుచోట, ప్రత్యేకమైన రిమోటు ఉండుటయే తగును.

ఇక ఎన్నుకొను విధము. మొదట చూడవలసినది అది కంప్యూటరుతో ఎట్లు మాటాడునన్నది. ఇందు మూడు రకములు. పరారుణ కాంతితో పనిచేయునది ఇంటి టీవీ రిమోటు వంటిది. దానిని నేరుగా గురిచూపవలెను, నడుమ మనిషి అడ్డువచ్చినచో పనిచేయదు. సభకు ఇది పనికిరాదు. రెండవది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగములతో పనిచేయునది. ఈ తరంగములను వాడుటకు లైసెన్సు అవసరము లేదు. దీనితో వ్రేలిగోరంత రిసీవరు వచ్చును. దానినే డాంగిల్ అనియు అందురు. దానిని లాప్‌టాప్ యూఎస్‌బీ మూతిలో పెట్టినచో చాలును, వేరు ఏర్పాటేదియు అక్కరలేదు. మూడవది బ్లూటూత్. దీనికి రిసీవరు అవసరము లేదు కాని, ప్రతి క్రొత్త లాప్‌టాప్‌తోను ముందుగ జతపరుపవలెను. ఒకే మనిషి ఒకే లాప్‌టాప్ వాడుచోట బ్లూటూత్ సుఖము. వైద్యుడొకరోజు, వ్యవసాయాధికారి యొకరోజు, పాఠశాల ఉపాధ్యాయిని యొకరోజు తమ తమ లాప్‌టాప్‌లతో వచ్చు గ్రంథాలయమునకు రిసీవరు గల రకమే సుఖము. రిసీవరు మూతి వెడల్పైన పాత యూఎస్‌బీకి సరిపోవునదా, సన్నని టైప్-సికి సరిపోవునదా యని చూచి, రెండవదానికి తగిన మార్పు ముక్క నొకదానిని కూడ కొనియుంచవలెను.

రెండవది దూరము. పెట్టెమీద 10 మీటర్లు, 15 మీటర్లు, 30 మీటర్లు అని వ్రాసియుండును. అది అడ్డులేని బయలులో కొలిచిన దూరము. 15 మీటర్లనగా దాదాపు 50 అడుగులు. గ్రంథాలయపు హాలు అంతకంటె చిన్నదే యైనను అడ్డులు పెక్కు. మానవ శరీరములో నీరు అధికము, నీరు ఈ తరంగములను పీల్చుకొనును. కావున ఖాళీ హాలులో చక్కగా పనిచేసిన రిమోటు, జనులతో నిండిన హాలులో తడబడవచ్చును. ఇనుప బీరువాలు కూడ తరంగములను ఆపును. రిసీవరు ప్రక్కనే పాత పెన్‌డ్రైవు గాక వేగముగల యూఎస్‌బీ 3 హార్డుడిస్కు పెట్టినచో అది 2.4 గిగాహెర్ట్జ్ వద్దనే సందడిచేసి మీట పలుకును చెడగొట్టును. రిసీవరును ఒక మూర పొడవైన యూఎస్‌బీ తీగకు తగిలించి, బల్లమీద ఎదుట కనబడునట్లుంచినచో ఇట్టి బాధలలో చాలభాగము తొలగును. సామాన్యమైన హాలునకు 15 మీటర్ల రకము చాలును. ఆవరణలో షామియానా వేసి సభ జరుపు అలవాటున్నచో 30 మీటర్లది మేలు.

మూడవది మీటలు. రిమోటు నిజమునకు ఒక చిన్న కీబోర్డు. ముందు మీట నొక్కినచో అది కంప్యూటరునకు 'పేజ్ డౌన్' అని, వెనుక మీట నొక్కినచో 'పేజ్ అప్' అని చెప్పును. అందుచేతనే పవర్‌పాయింటునందును, ఇంప్రెస్‌నందును, నిండుతెరలో తెరచిన పీడీఎఫ్‌నందును ఒకే రిమోటు పనిచేయును. కావలసిన మీటలు మూడే. ముందునకు, వెనుకకు, తెరను నల్లగ చేయుటకు. వెనుక మీటకు ముందు మీటతో సమానమైన గౌరవమీయవలెను. "ఇంకోసారి సూపియ్యుండ్రి" అను మాటకు సమాధానము ఆ మీటయే. తెరను నల్లగ చేయు మీట వలన వక్త బొమ్మను కొంతసేపు దాచి, సభతో ముఖాముఖి మాటాడగలడు. దానిని మరల నొక్కినచో అదే బొమ్మ తిరిగి వచ్చును. ముందు, వెనుక మీటలు చేతి స్పర్శకే వేరుగ తెలియవలెను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగనో, ఒకదానిమీద బొడిపెతోనో ఉన్నచో చీకటి హాలులో బొటనవ్రేలు తప్పదు. రెండును ఒకే పోలికగ నున్న నున్నని రిమోటు చూచుటకు అందము, వాడుటకు కష్టము. ప్రత్యేకమైన సాఫ్టువేరు వేసినగాని పూర్తిగ పనిచేయని రకములు కలవు. అతిథి తెచ్చిన లాప్‌టాప్‌లో ఆ సాఫ్టువేరు ఉండదు. పెట్టగానే పనిచేయునదే గ్రంథాలయమునకు తగినది.

నాలుగవది లేసరు చుక్క. పటము కథకుని చేతికఱ్ఱ స్థానమున వచ్చినది ఇదే. ఎఱ్ఱ లేసరు చవుక. ఆకుపచ్చ లేసరు, అంతే శక్తికి, కంటికి ఎన్నో రెట్లు కాంతివంతముగ కనబడును. మనుష్యుని కన్ను ఆ వన్నెకు సమీపముననే మిక్కిలి చురుకైనది. గోడమీదను, తెల్లని గుడ్డతెరమీదను లేసరు చక్కగా కనబడును. పెద్ద ఎల్‌ఈడీ టీవీమీద చుక్క సరిగా కనబడదు, ఏలయన ఆ తెర వెలుతురును వెనుకకు చిమ్మదు. కావున తెర స్థానమున టీవీ వాడు గ్రంథాలయము లేసరు కొరకు అధికముగ వెచ్చించుట వ్యర్థము. ముఖ్యముగ గమనింపవలసినది కంటి క్షేమము. 1 మిల్లీవాట్ లోపు శక్తిగల రెండవ తరగతి లేసరునే కొనవలెను. ఆ సంగతి రిమోటుమీది చీటీలో వ్రాసియుండవలెను. చీటీ లేని చవుక సరకును ఎంతటి కాంతి యున్నను కొనరాదు. ముందు వరుసలో చాపలమీద కూర్చుండు పిల్లల కన్నులు దేశపు సొత్తు. పోనిండు, తెర చేతికందు ఎత్తున నున్నచో ఒక వెదురుకఱ్ఱయే చాలును. దానికి సెల్లులు అక్కరలేదు, వణకు చేతులలో చుక్కవలె తెరయంతట పరుగెత్తదు.

ఐదవది శక్తి. రిమోటులు కొన్ని సన్నని ఏఏఏ సెల్లులతోను, కొన్ని లోపలి బ్యాటరీతోను నడచును. లోపలి బ్యాటరీ గలదానిని ముందుగ చార్జి చేయ మరచినచో సభవేళ చేయునదేమియు లేదు. కొన్నేండ్లకు ఆ బ్యాటరీ నీరసించును, మార్చుట సులభము కాదు. సెల్లులు మోత్కూరు అంగడిలో ఏ వేళనైనను దొరకును. ఒకరు కాక పదుగురు వాడు వస్తువునకు సెల్లుల రకమే నమ్మదగినది. ఆపివేయుటకు ప్రత్యేకమైన స్విచ్చు ఉన్నచో సెల్లులు ఎక్కువకాలము వచ్చును.

ఆరవది వెల. ఇవి కొన్ని వందల రూపాయల నుండి కొన్ని వేల వరకు కలవు. అధికపు వెలతో ఏమి వచ్చునో తెలిసికొనుటకు ఒకే సంస్థ వెలువరించిన రకములను పోల్చవచ్చును. లాజిటెక్ వారి ఆర్-400 అను రకమున ఎఱ్ఱ లేసరు, 15 మీటర్ల దూరము, రెండు ఏఏఏ సెల్లులు. ఆర్-800 అను రకమున ఆకుపచ్చ లేసరు, 30 మీటర్ల దూరము, మిగిలిన కాలమును చూపు చిన్న గడియారము. స్పాట్‌లైట్ అను రకమున లేసరు లేదు. తెరమీది ఒక భాగమును వెలిగించియో పెద్దదిచేసియో చూపు ఏర్పాటున్నది, కాని దానికి కంప్యూటరులో ప్రత్యేకమైన సాఫ్టువేరు కావలెను. వెల పెరిగిన కొలది దూరము, చూపు, గడియారము పెరిగినవి. బొమ్మను ముందునకు వెనుకకు నడుపు పని మాత్రము అన్నింటను ఒకటే. పౌర గ్రంథాలయములకు వచ్చు ధనములో ముఖ్యభాగము గ్రామస్థుల ఇంటిపన్నుతో రూపాయికి 8 పైసల చొప్పున వసూలగు గ్రంథాలయ పన్ను. చందాలు దానికి తోడు. ఎవరి ఇంటనుండి వచ్చిన పైసయో వారికి ఉపయోగపడని అలంకారముల కొరకు దానిని వెచ్చింపరాదు. ఆ మిగులుతో పిల్లల పుస్తకములు కొనవచ్చును.

కొన్న వెంటనే, తిరిగి ఇచ్చు గడువు తీరకముందే, హాలులోనే పరీక్షింపవలెను. గ్రంథాలయపు లాప్‌టాప్‌ను ప్రొజెక్టరునకు తగిలించి, సభ్యులు కొందరిని కుర్చీలలో కూర్చుండబెట్టవలెను. వక్త తెరప్రక్క, హాలు నడుమ, చివరి వరుసలో, తలుపువద్ద నిలిచి, ఒక్కొక్కచోట పదిమార్లు ముందునకు, పదిమార్లు వెనుకకు నొక్కవలెను. ఒక్క నొక్కునకు ఒక్క బొమ్మయే మారవలెను. రెండు మారినను, ఒకమారు మారకున్నను ఆ రిమోటు పనికిరాదు. రిమోటును వీపువెనుక నుంచుకొని నొక్కి చూడవలెను. దీపములార్పి, చేతిని చూడక, వెనుక మీటను వెదకి చూడవలెను. చేతులు చిన్నవైన బాలికకును, వ్రేళ్లు మొద్దుబారిన వృద్ధునకును ఇచ్చి నొక్కించి చూడవలెను. ఈ పరీక్ష అరగంట పని. అంగడివాని మాటలకంటె ఇది నమ్మదగినది.

భద్రపరచుటకు కూడ ఒక నియమము కావలెను. రిసీవరు వ్రేలిగోరంతది. అది పోయినచో పెక్కు రకములలో రిమోటు కూడ పోయినట్లే. రిమోటు కడుపులోనే రిసీవరు నుంచు గూడుగల రకమును కొనుట మేలు. గుడ్డసంచిలో రిమోటు, రిసీవరు, రెండు మిగులు సెల్లులు, యూఎస్‌బీ తీగ ఉంచి, సంచికి సంఖ్య వేసి, పుస్తకమువలెనే రిజిస్టరులో వ్రాసి ఈయవలెను, తిరిగి పుచ్చుకొనునపుడు రిసీవరు లోపలనున్నదో లేదో చూడవలెను. నెల దినములు వాడనిచో సెల్లులు తీసివేయవలెను, లేనిచో అవి కారి లోపలి రేకులను తినివేయును. సభ ముగియగానే రిసీవరును లాప్‌టాప్ నుండి తీయుట అలవాటు చేసికొనవలెను. తీగలేని మౌసులు, కీబోర్డులు కొన్నింటి రిసీవర్ల ద్వారా దూరమునుండి పరులు కంప్యూటరులో అక్షరములు కొట్టగలరని 2016 లో అమెరికా పరిశోధకులు చూపిరి. కీబోర్డువలె పనిచేయు రిమోటునకును ఈ జాగ్రత్త తగును.

చివరకు వక్త చేయవలసినది కొంత కలదు. సభకు పది నిమిషములు ముందుగ వచ్చి, మొదటి బొమ్మ నుండి చివరి బొమ్మ వరకు రిమోటుతో నడిపి చూచుకొనవలెను. ఎంత మంచి రిమోటైనను ఒకనాడు మొరాయింపవచ్చును. అప్పుడు కీబోర్డులోని కుడిబాణము, ఎడమబాణము మీటలే దిక్కు. వాటిని నొక్కుటకు ఒక బాలుని ముందే సిద్ధపరచి, బొమ్మల వరుస కాగితమును అతని ముందుంచవలెను. మాట పూర్తి కాకమునుపు మీట నొక్కరాదు. చేతిలో మీట యున్నదని బొమ్మలను పరుగెత్తించువాడు, పటమును ఒక్క ఊపున విప్పిన కథకుని వంటివాడు. జనులు బొమ్మలన్నియు చూతురు, కథ మాత్రము వినరు.

ఈ ఇరువదియైదేండ్లలో గ్రంథాలయము పుస్తకములను పెంచినది, పాఠకులను పెంచినది. రానున్న కాలమున మాటలాడువారిని కూడ పెంచవలెను. బయటి పెద్దలే కాక, ఈ గ్రామపు బాలిక తన పంటచేని పురుగును గూర్చియో, ఈ గ్రామపు నేతగాడు చిటికికట్టు రంగును గూర్చియో తన బొమ్మలతో తానే ముందు నిలిచి చెప్పు దినము రావలెను. మొదటిసారి సభముందు నిలుచువారికి గుండె దడదడలాడును. అట్టివారి చేతిలో, ఎదుటివాని సాయమునకు ఎదురుచూడక తమ మాటను తామే నడుపుకొను మీట యున్నచో సగము ధైర్యము వచ్చును.

కావున కార్యవర్గమువారు రిమోటును ఎన్నుకొను దినమున దానిమీది మెఱుగును చూడక, చివరి వరుసను చూతురుగాక. అచ్చట కూర్చున్న ముసలవ్వ "ఆ బొమ్మ ఇంకోసారి" అనినపుడు, వక్త తల త్రిప్పక, బొటనవ్రేలితో ఒక్కమారు నొక్కగా ఆ బొమ్మ తిరిగి రావలెను. అట్లు వచ్చినచో ఆ రిమోటు మంచిదే, ఆ ధనము సద్వినియోగమైనదే.

స్వస్తి.